విలన్‌కు వారం వారం పనేంది?

ముందే చెప్తున్న: ఇందులో సెయిలర్ మూన్, ప్రెట్టీ క్యూర్, మడోకా కథల గుట్టు మొత్తం బయటపెట్టిన. మడోకా ఇంకా చూడనోళ్లు 12 ఎపిసోడ్లు చూసి వచ్చినంకనే చదువుండ్రి.

మ్యాజికల్ గర్ల్ అనిమేలో, అంటే మంత్రశక్తి ఉన్న ఆడపిల్లల జపాన్ కార్టూన్ సీరియళ్లల్ల, విలన్ మంచిగ కుదిరిండా లేదా అని తేల్చేటప్పుడు చాలామంది కిరీటం చూస్తరు, నవ్వు చూస్తరు, గొంతు చూస్తరు. నా లెక్కన చూడాల్సింది ఆయన చేసే పని. ఏం ఎత్తుకపోతున్నడు, ఎట్ల ఎత్తుకపోతున్నడు, ఎత్తుకపోయింది ఎక్కడ జమ అయితున్నది, పని చెడితే ఆయన్ని నిలదీసేది ఎవరు. ఈ నాలుగింటికి జవాబున్న విలన్ ఏండ్లు గడిచినా యాదికుంటడు. జవాబు లేనోడు ఆకాశమంత నల్లటి మబ్బయి కమ్ముకున్నా వారం తిరిగేసరికి మర్చిపోతం.

ఇంత పట్టింపు ఎందుకంటే ఈ సీరియళ్ల కొలత అట్లుంటది. ఎపిసోడ్ మొత్తం 24 నిమిషాలు. ముందు పాటకు నిమిషంన్నర, చివరి పాటకు నిమిషంన్నర పోతది. పిల్ల రూపం మార్చుకునే సీను, చివరి దెబ్బ కొట్టే సీను ఒక్కసారి గీసిపెట్టుకొని వారం వారం అవే తిప్పుతరు. దాన్ని బ్యాంక్ ఫుటేజ్ అంటరు. బడి, ఇల్లు, దోస్తుల ముచ్చట్లకు ఇంకో పది నిమిషాలు. ఇగ విలన్‌కు మిగిలేది నాలుగైదు నిమిషాలే. ఆ నాలుగైదు నిమిషాల్లో ఆయన పని ఏందో చూసేటోళ్లకు తెలువాలె, పోయిన వారం కన్నా ఒక అడుగు ముందుకు జరగాలె, చివరికి ఓడిపోవాలె. ఏడాదంతా ఓడిపోయేటోని మీద భయం నిలబెట్టుడు చిన్న పని కాదు.

ఈ జాతి కథలకు మొదట్ల విలన్లే అక్కరపడలే. 1966లో టీవీకి వచ్చిన శాలీ మంత్రాల దేశంకెళ్లి వచ్చిన పిల్ల. ఆమె తిప్పలన్నీ ఇంట్లవి, వాడకట్టువి. ఆడపిల్లల జట్టు ఒకదిక్కు, దొంగల ముఠా ఒకదిక్కు అనే అచ్చు గట్టిపడ్డది 1992లో సెయిలర్ మూన్‌తోని. అందుకే విలన్ల ముచ్చట దాంతోనే మొదలుపెట్టాలె.

మొదటి సీజన్ 46 ఎపిసోడ్లు. సింహాసనం మీద కూసోని గాజుగోళం మీద చేతులు తిప్పేటామె క్వీన్ బెరిల్. ఆమె కింద నలుగురు సర్దార్లు: జేడైట్, నెఫ్రైట్, జోయిసైట్, కుంజైట్. ఐదూ రాళ్ల పేర్లే. మన పచ్చ రాయి బెరిల్ జాతిదే. కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల్లో టాన్ బ్రౌన్ లాంటి పేర్లు రోజూ వినేటోళ్లకు ఈ ముఠా కొంచెం మనోళ్ల లెక్కనే అనిపిస్తది. వీళ్లు ఎత్తుకపోయేది మనుషుల ఒంట్ల సత్తువ. జమ అయ్యేది లోపల నిద్రపోతున్న మెటాలియా అనే దుష్టశక్తి కాడ. అది లేస్తే భూమి ఖతం. లెక్క ఇంత సాఫుగ ఉన్నది.

చూడాల్సిన అసలు కథ సర్దార్లు మారినప్పుడల్లా పద్ధతి మారుడు. జేడైట్‌ది దుకాణం పద్ధతి. 1వ ఎపిసోడ్‌లో నగల దుకాణం యజమానురాలి వేషం కట్టిన రాక్షసి నగలన్నీ అగ్గువకు పెడ్తది. ఆడోళ్లు ఒకరి మీద ఒకరు పడి ఏరుకుంటరు. నగ ఒంటి మీదికి రాంగనే సత్తువ దాంట్లకు పోతది. దసరా ముంగట హన్మకొండ చౌరస్తాల ఆఫర్ బోర్డుల కింద గుంపు చూసినోళ్లకు ఈ సీను జపానుది అనిపియ్యదు. ఆ తర్వాత జాతకాల కొట్టు, అర్ధరాత్రి రేడియో, బరువు తగ్గించే జిమ్ము, పెంపుడు జంతువులు, క్యాసెట్ల పాటలు, గడియారాలు, గుడికాడి బస్సు, వినోదాల పార్కు, ఓడ ప్రయాణం. 8వ ఎపిసోడ్‌లోనైతే ట్యూషన్ సెంటర్! క్రిస్టల్ సెమినార్ అని పేరు పెట్టి పోరగాళ్లను కంప్యూటర్ల ముంగట కూసోబెట్టి మెదడు పిండుతరు. ఇంటర్ పిల్లలున్న ఇంట్లోళ్లు దీన్ని ఫాంటసీ అని ఒప్పుకుంటరో లేదో.

జేడైట్ పద్ధతిలో లాభం గుంపు, లోపం కూడా గుంపే. ఒక్కసారి వందమంది సొమ్మసిల్లితే వార్త అయితది, వార్త అయితే సెయిలర్ మూన్ వస్తది. 13 ఎపిసోడ్లు అదే తప్పు చేసిండు. చివరికి విమానాశ్రయంలో విమానాలను పిల్లల మీదికి తోలి కూడా ఓడిపోతే బెరిల్ ఆయన్ని స్ఫటికంలో బిగించి ఎన్నటికీ లేవని నిద్రకు పంపింది. ఆ శిక్ష పడ్డంక మిగిలిన ముగ్గురి మాటతీరే మారిపోతది, గమనించుండ్రి.

నెఫ్రైట్ గుంపును వదిలిపెట్టిండు. నక్షత్రాలను అడిగి, సత్తువ పొంగి పొర్లే దశకు వచ్చిన ఒక్క మనిషిని ఏరుకుంటడు. ఆ మనిషికి ప్రాణమైన వస్తువులోకి రాక్షసిని ఎక్కిస్తడు. టెన్నిస్ ఆడే పిల్లకు రాకెట్, ఫొటోలు తీసే పిలగానికి కెమెరా. గుంపు లేదు, వార్త లేదు. తెలివైన పద్ధతే. కానీ ఒక్క మనిషిని ఏరుకోవాలంటే ఆ మనిషి దగ్గరికి పోవాలె, పేరు పెట్టి పిలువాలె. ఎర్ర ఫెరారీ నడుపుకుంట వచ్చి నరూ అనే బడిపిల్ల మనసు గెలిచి, చివరికి ఆమె మీదికి వచ్చిన దెబ్బ తాను కాసిండు. 24వ ఎపిసోడ్‌లో ముండ్లు దిగి కూలబడ్డప్పుడు ఆమె బట్ట చింపి కట్టు కడ్తది. ఇద్దరూ చాక్లెట్ పార్ఫే తినుడు గురించి మాట్లాడుకుంటరు. ఆ మాట నడుస్తుంటనే ప్రాణం పోతది. పద్ధతే విలన్‌ను మార్చింది, పద్ధతే చంపింది. ఇంత మంచిగ అల్లిన విలన్ చావు ఆ 200 ఎపిసోడ్లలో ఇంకోటి లేదు అంటే నేను వాదులాడను, ఒప్పుకుంట.

జోయిసైట్ ఇంకా సన్నం చేసిండు. గుంపు కాదు, ఎవరో ఒక్కరు కాదు, ఇంద్రధనుసు స్ఫటికాలు లోపల దాచుకున్న ఏడుగురే కావాలె. అందులో ఒకరు గుడి పెద్దమనిషి, ఒకరు బొమ్మలు పట్టే క్రేన్ గేమ్ ఆటగాడు, ఇంకోటి బలిసిన పిల్లి. అవును, పిల్లే. 35వ ఎపిసోడ్‌లో బెరిల్ చేతిల జోయిసైట్ పోతడు. ఆయనా కుంజైట్ ఒకర్నొకరు ప్రేమించుకునే మగవాళ్లు. తొలినాటి ఇంగ్లీష్ డబ్బింగ్‌లో జోయిసైట్‌ను ఆడమనిషిని చేసిన్రు. అందుకే ఆ డబ్బింగ్ చూసినోళ్లకు కుంజైట్ దుఃఖం సగమే అర్థమైతది. జపనీస్ గొంతుతోని చూడుండ్రి.

టైం లేనోళ్లకు ఈ సీజన్ విలన్ల కోసమే చూసే తొవ్వ ఒకటి: 1, 8, 13, 14, 24, 31, 35, 45, 46. మొత్తం మూడున్నర గంటలు. చేతిల ఒక నోట్‌బుక్ పట్టుకొని నాలుగు గడులు గీసుకోండ్రి: సరుకు, పద్ధతి, జమ, శిక్ష. ఎపిసోడ్ అయిపోంగనే ఒక్కో గడిలో ఒక్క మాట రాయాలె. ఆలోచించి వెతుక్కోవాల్సి వస్తే అది మీ తప్పు కాదు, రాసినోళ్ల తప్పు. ఏ గడి మూడు వారాలు ఖాళీగ ఉన్నదో ఆ విలన్ అక్కడనే చెడిపోయిండు.

ఈ నోట్‌బుక్ పట్టుకొని మూడో సీజన్, నాలుగో సీజన్ పక్కపక్కన చూస్తే తేడా ఇట్టే దొరుకుతది. మూడో సీజన్ 'ఎస్'లో మనుషుల గుండెలకెళ్లి స్వచ్ఛమైన స్ఫటికం గుంజి అందులో తాలిస్మాన్ అనే మహిమ గల వస్తువు ఉన్నదా అని చూస్తరు. లేకపోతే పారేస్తరు. జమ గడి ఖాళీయే. అయినా కథ బిగుసుకుంటది, ఎందుకంటే అవే తాలిస్మాన్ల కోసం యురేనస్, నెప్ట్యూన్ అనే ఇంకో ఇద్దరు సెయిలర్ పిల్లలు కూడా తిరుగుతున్నరు, తీరా చూస్తే అందులో రెండు వాళ్ల గుండెల్లోనే ఉంటయి. దొంగ, పోలీసు ఇద్దరూ ఒకే సరుకు వెతుకుతున్నరన్నట్టు. పైగా విలన్ల ఆఫీసు రాజకీయం ఉన్నది. యూడియల్ పని మంచిగ చేస్తున్నదని కడుపుమంటతోని మిమెట్ ఆమె కారులో నత్తలు పెట్టి, బ్రేకులు చెడగొట్టి, సముద్రంలో పడేటట్టు చేస్తది. సెయిలర్ మూన్ చేయలేని పనిని పక్క కుర్సీ ఆమె చేసింది!

నాలుగో సీజన్ 'సూపర్ ఎస్'లో అమెజాన్ ట్రియో అనే ముగ్గురు విలన్ల చేతికి ఫొటోలు అందుతయి. ఒకరిని ఏరుకొని, బోర్డుకు కట్టినట్టు నిలబెట్టి, వన్, టూ, త్రీ అని కలల అద్దం బయటికి తీసి, అందులో తల పెట్టి రెక్కల గుర్రం పెగాసస్ ఉన్నడా అని చూస్తరు. లేడు. మళ్ల వచ్చే వారం ఇంకో ఫొటో. అదే సరుకు వెతికేటోడు ఇంకోడు లేడు, పని చెడినా పెద్దగ అడిగేటోడు లేడు. పది ఎపిసోడ్లు కాంగనే మన నోట్‌బుక్‌లో పోయిన వారం రాసిందే ఈ వారం దించుకోవచ్చు. ఆ ముగ్గురిలో ఫిష్ ఐ మాత్రం తమకు కలలే లేవని తెలిసి కుమిలిపోయే కాడ కథ లేచి కూసుంటది. అప్పటికే మస్తు ఆలస్యమైంది.

ఇక్కడ ఒక ముచ్చట. చిందు యక్షగానంలో రాక్షస రాజు రంగం మీదికి వస్తే దరువు ఆయనది, చిందు ఆయనది, నేను ఫలానా అని చెప్పుకునే హక్కు ఆయనది. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన దిక్కు పిల్లలు కొందరన్నా ఆ కిరీటాలు, భుజకీర్తులు మళ్లొకసారి చూసిన్రు. మ్యాజికల్ గర్ల్ కథలో ఆ హక్కు తారుమారైతది. రూపం మార్చుకొని, చెయ్యి తిప్పి, పేరు చెప్పుకునేది పిల్ల. విలన్ నోరు మూసుకొని అదంతా అయ్యేదాక నిలబడాలె. దాడి చేయొచ్చు కదా అని నవ్వుకుంటం గానీ, ఇది రంగస్థల మర్యాద, లాజిక్ కాదు. ఈ మర్యాదను తప్పిన విలన్ వచ్చినప్పుడు ఏమైతదో కింద చెప్త.

2004లో మొదలైన ప్రెట్టీ క్యూర్ ఆదివారం పొద్దుగాల చిన్న పిల్లల కోసం వచ్చే సీరియల్. ఏడాదికి 50 ఎపిసోడ్ల దాక సాగదీయాలె. తొలి ఏడాది రాక్షసుల పేరు జాకెన్నా. జపనీస్‌లో ఒకడి మీద ఒర్లేటప్పుడు వాడే 'ఫుజకెన్నా'కెళ్లి వచ్చింది. ఓడిపోయినంక అవే చిన్న చిన్న తునుకలయి గోమెన్నా, గోమెన్నా అని ఉరుకుతయి. ఇంగ్లీష్ సబ్‌టైటిల్ ఈ రెండింటినీ ఊరికే పేర్ల కింద వదిలేస్తది. తెలంగాణ మాటల్లో పెడితే అంత చక్కగ వస్తది: వచ్చేటప్పుడు 'ఏషాలేస్తున్నవా', పోయేటప్పుడు 'తప్పైంది, తప్పైంది'. ఇగ 2007 నాటి ప్రెట్టీ క్యూర్ 'యెస్ 5'లో విలన్లది ఏకంగా కంపెనీ. అందులో బున్బీ అని నడిమిట్ల మేనేజరు, పైనోళ్ల తిట్లు, కిందోళ్ల సాకులు. 2008లో వచ్చిన తరువాయి భాగంలో ఆయన ఇంకో విలన్ కంపెనీలో నౌకరీకి చేరిండు. పిల్లల కన్నా పక్కన కూసున్న నాయినలు ఎక్కువ నవ్వేది ఈయన్ని చూసే.

జమ గడిని కండ్లకు కనబడేటట్టు చూపిచ్చింది 2009 'ఫ్రెష్'. లాబిరింత్ ముఠా జనాల దుఃఖాన్ని పోగుచేసి ఒక గేజీలో నింపుతది. ఎంత నిండింది, ఇంకెంత మిగిలింది అనేది మన కండ్ల ముంగటే. ముఠాలోని ఈస్ అనే పిల్లకు చివర్లో ఇచ్చిన కార్డులు వాడితే రాక్షసి వచ్చేది నిజమే, కానీ ముండ్ల నొప్పి ఆమెకే దిగుతది. ఆమె ఆయుష్షు ఎప్పటికి తీరాల్నో కూడా పైన కూసున్న మెబియసే నిర్ణయిస్తడు. అందరి దుఃఖం కొలిచే గేజీలో ఈస్ దుఃఖానికి గడి లేదు. ఆమె మంచి దిక్కుకు వచ్చి క్యూర్ ప్యాషన్‌గ మారుడు అందుకే అతుకు పెట్టినట్టు అనిపియ్యదు.

కానీ ఈ గుంపు మొత్తంలో పద్ధతి పరంగ నాకు అన్నిటికన్నా నచ్చింది 2010 'హార్ట్‌క్యాచ్'. ప్రతి మనిషి లోపల ఒక పువ్వుంటది. లోపల కుమిలిపోతున్నోళ్ల పువ్వు వాడుతది. విలన్ వెతికేది ఆ వాడిన పువ్వునే. పువ్వును గుంజంగనే మనిషి చిన్న స్ఫటికంల బందీ అయితడు. పువ్వును దగ్గరున్న ఏదన్న వస్తువుకు, బొమ్మకు తగిలిస్తే డెజర్ట్రియన్ అనే రాక్షసి లేస్తది. ఆ రాక్షసి కూల్చుకుంట, తన్నుకుంట, ఆ మనిషి ఇన్నొద్దులు ఎవ్వరికీ చెప్పుకోని మాటలు గట్టిగ ఒర్రుతది. అమ్మ నన్ను చూస్తలేదు, చెల్లెనే అందరికీ ఇష్టం, నాకు ఆట రాదు... శిగమూగిన మనిషి నోట ఇంట్లోళ్లు దాచుకున్న ముచ్చట బయటపడ్డట్టు. పక్కన నిలబడ్డ విలన్ 'గింత దానికేనా' అని ఎక్కిరిస్తడు. సరిగ్గా అక్కడ కథానాయిక క్యూర్ బ్లాసమ్ తన మామూలు మాట అంటది, ఓపిక సంచి తాడు తెగిందని. కొట్లాటకు కారణం, ఎపిసోడ్ ముచ్చట, విలన్ దుర్మార్గం మూడూ ఒకే సీనులో కలిసినయి. ముందు పది నిమిషాల బడి కథ వేరే, తర్వాత కొట్లాట వేరే అన్నట్టు ఎన్నో సీరియళ్లు రెండు ముక్కలయితయి. హార్ట్‌క్యాచ్‌లో ఆ అతుకు కనబడది.

2012 'స్మైల్'లో విలన్లు నల్ల రంగు ట్యూబును పిడికిట్ల పిండి ఖాళీ పుస్తకం పేజీ మీద పూస్తరు. చుట్టుపక్కల జనమంతా నేలకు చూసుకుంట కూసుంటరు. చూడ్డానికి అద్దిరిపోతది, పద్ధతి మాత్రం వారం వారం అదే.

ఇగ 2011 మడోకా మాజికా. షాఫ్ట్ తీసింది, ఉరోబుచి గెన్ రాసిండు. ఇందులో పిల్లలు కొట్లాడే మంత్రగత్తెలను గెకిదాన్ ఇను కర్రీ అనే జంట కాగితం కోతలు, బట్ట పేలికలు, పాత బొమ్మలు అతికించినట్టు తయారుచేసిన్రు. పిల్లలను గీసిన తీరు ఒకటి, మంత్రగత్తె ఇంకో తీరు. రెండు వేరే లోకాలు ఒకే తెర మీద ఢీకొంటయి. గోడల మీద అర్థం కాని గీతలు కనబడతయి. అవి ఒట్టి గీతలు కావు, అక్షరాలు. చూసేటోళ్లు కూసోని వాటిని విప్పితే జర్మన్ మాటలు, ఫౌస్ట్ నాటకం ముక్కలు బయటపడ్డయి. ఆ గోడలు వచ్చిన కాడ ఆపి చూడుండ్రి.

3వ ఎపిసోడ్. మామి అనే మ్యాజికల్ గర్ల్ తన పెద్ద దెబ్బ కొట్టింది. బ్యాంక్ ఫుటేజ్ అయిపోయింది, పాట జోరు మీదున్నది, మర్యాద ప్రకారం షార్లెట్ అనే ఆ చిన్న బొమ్మ పడిపోవాలె. పడలే. బొమ్మ నోట్లకెళ్లి పొడుగాటి పురుగు లాంటి ఒళ్లు ఇంకోటి బయటికి వచ్చింది. మామి అట్లనే నిలబడి చూస్తది, ఎందుకంటే ఆమెకు తెలిసిన ఆటలో ఈ అంకం లేదు. పైన చెప్పిన రంగస్థల మర్యాద తప్పుడంటే ఇదే. ఆ తర్వాత ఏమైందో చూసినోళ్లకు యాదికే ఉంటది.

అయినా ఈ కథలో విలన్ మంత్రగత్తెలు కాదు, క్యూబే. తెల్లగ, మెత్తగ, ఎర్ర గుండు కండ్లతోని పిల్లి లాంటి జీవి. మాట్లాడుతుంటే నోరు కదలదు. నోట్‌బుక్ తీయుండ్రి. సరుకు: ఆశ నిరాశగ తిరగబడే ఘడియలో ఎదిగే వయసు ఆడపిల్లల నుంచి పుట్టే శక్తి. పద్ధతి: ఒక్క కోరిక తీర్చి ఒప్పందం. పాణం తీసి సోల్ జెమ్ అనే రాయిలో పెడ్తడు. రాయి ఒంటికి 100 మీటర్ల అవతలికి పోతే ఒళ్లు శవమే. మంత్రం వాడినకొద్ది రాయి మసకబారుతది. తుడుచుకోవాలంటే మంత్రగత్తెను చంపి దొరికే గ్రీఫ్ సీడ్ కావాలె. పూర్తిగ నల్లబడితే ఆ పిల్లనే మంత్రగత్తె అయితది. జమ: చల్లారిపోతున్న విశ్వానికి. శిక్ష గడి ఒక్కటే ఖాళీ. క్యూబేను అడిగేటోడే లేడు. తుపాకీతోని కాల్చినా ఇంకో క్యూబే వచ్చి పాత శవాన్ని తినేసి మాట ఎక్కడ ఆగిందో అక్కడికెళ్లి మొదలుపెడ్తడు.

ఈయన ఒక్క అబద్ధం చెప్పడు. ముందే ఎందుకు చెప్పలే అని, ఒప్పందం చేసుకున్న పిల్ల సాయక నిలదీస్తే, నువ్వు అడగలే కదా అంటడు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టిచ్చుకొని, అంకె తర్వాత రాసుకునేటోళ్లను మన ఊర్లల్ల ఎరుగనోళ్లు లేరు. వాళ్లు కూడా గొంతు లేపరు, చాయ్ తాపిస్తరు. 9వ ఎపిసోడ్‌లో క్యూబే తన లెక్క విప్పి చెప్తడు: కట్టెను కాలిస్తే వచ్చే వేడి, ఆ చెట్టును పెంచిన కష్టానికి ఎన్నడూ సమానం కాదు, ఆ కోత పూడ్చేటందుకే మీ కన్నీళ్లు. పొయ్యి కాడ కూసోని చెప్పే మాట లెక్కనే ఉంటది. అందుకే వణుకు పుడ్తది.

ఆయన పేరుమోసిన మాటను సబ్‌టైటిల్ రాసేటోళ్లు చాలాసార్లు చెడగొడ్తరు. జపనీస్‌లో అది ఆజ్ఞ కాదు, బెదిరింపు కాదు. తనను తాను 'బొకు' అనుకుంటడు, చిన్న పోరగాళ్లు వాడే మెత్తటి 'నేను'. చివరన 'నత్తె యో', అంటే బుదరకిచ్చుడు. పుస్తకాల తెలుగులో 'నాతో ఒప్పందం చేసుకుని మాంత్రిక బాలికగా మారుము' అని పెడితే రాక్షసుడయి కూసుంటడు, మాట చచ్చిపోతది. దానికి మన దిక్కు 'రాదు' ఉన్నది కదా, తినరాదు, కూసోరాదు, ఒక మాట చెప్పరాదు అని ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగేది. 'నాతోని ఒప్పందం చేసుకొని మ్యాజికల్ గర్ల్‌వి అయిపోరాదు.' ఇగ ఆ మాటలో క్యూబే నిండుగ ఉన్నడు. సబ్‌టైటిళ్లు రాసే పిల్లలు ఎవరన్న ఇది చదువుతుంటే తీసుకోండ్రి.

రెండోసారి చూసేటప్పుడు మొదటి ఆరు ఎపిసోడ్లలో క్యూబే మాటలు మాత్రమే రాసుకోండ్రి. ఒక్కటి కూడా కొట్టేసేది దొరకది. దొరికేది ఆయన వదిలేసినవి. అట్లనే 12వ ఎపిసోడ్ ఆఖరును పాట మొదలైందని ఆపకుండ్రి. కథానాయిక మడోకా కోరికతోని లోకమే మారిపోయింది, మంత్రగత్తెలు అనేటోళ్లు పుట్టనే పుట్టలే. క్యూబే మాత్రం ఉన్నడు. హోమురా అనే ఇంకో మ్యాజికల్ గర్ల్ కొట్టిన వేరే జాతి భూతాల నుంచి రాలిన చిన్న నల్ల గడ్డలను వీపుల పట్టుకుంట ఆమెతోని ముచ్చట పెడ్తుంటడు. పాత లోకంలో మంత్రగత్తెలు ఉండేదని హోమురా చెప్తే, రుజువు లేదు గానీ, ఆ పద్ధతే ఉంటే ఇంతకన్నా మంచిగ గిట్టుబాటు అయ్యేది కదా అంటడు.